కాన్పూరు డ్రెసాజ్ జీను: ఏడాదిన్నర, రెండు పోటీల తర్వాత

నిరుడు ఏప్రిల్‌లో కొన్నాను. కాన్పూరులో చేత్తో కుట్టిన డ్రెసాజ్ జీను. డ్రెసాజ్ అంటే గుర్రాన్ని రాసిచ్చిన వరసలో నడిపించి మార్కులు వేయించుకునే ఆట. సీటు 17.5 అంగుళాలు, నల్ల తోలు, అడుగున గుర్రం వీపుకి ఆనే, ఉన్ని నింపిన ప్యానెళ్ళు. పొట్ట పట్టీ, రికాబు తోళ్ళు, విశాఖపట్నం దాకా పార్సిల్ ఖర్చు అన్నీ కలిపి 31,400 రూపాయలు అయింది. వారానికి నాలుగు రోజులు, రోజుకి నలభై నిమిషాల చొప్పున వాడాను. రెండు పోటీల్లో దీని మీదే కూర్చున్నాను. రెండూ కింది స్థాయివే, ప్రిలిమినరీ టెస్టులు. మొదటిదానిలో 55.23 శాతం వచ్చింది, రెండోదానిలో 60.91. ఈ రెండు అంకెల మధ్య జీను విషయంలో జరిగిందే నేను చెప్పాలనుకుంటున్నది.

తయారుచేసినవాళ్ళ పేరు రాయడం లేదు. మధ్యలో వాళ్ళతో కాస్త తగువు పడింది, తర్వాత సర్దుకుంది. కాన్పూరులో జీనులు చేసేవాళ్ళు చాలామంది, అక్కడి సరుకు యూరప్‌కీ వెళ్తుంది, కాన్పూరు జీనులకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

నాకు 44 ఏళ్ళు. మధురవాడ వైపు ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో నాన్న గుర్రం ఎక్కించేవారు. ఇసకలో ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు, అంతే. దిగాక చేతికి అంటుకున్న ఆ చెమట వాసన ఇంటికెళ్ళేదాకా చూసుకునేదాన్ని. మళ్ళీ గుర్రం ఎక్కింది 39వ ఏట, భీమిలి రోడ్డుకి లోపలగా ఉన్న ఒక లాయంలో. ఎక్కడం, నడిపించడం, ట్రాట్‌లో, అంటే గుర్రం చిన్న పరుగులో, లేచి కూర్చోవడం వచ్చాక మామూలుగా అందరూ జంపింగ్ వైపు వెళ్తారు. నన్ను డ్రెసాజ్ లాగింది.

2023 సెప్టెంబర్ 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు డ్రెసాజ్ టీమ్ స్వర్ణం గెలిచారు. అనుష్ అగర్వల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. గుర్రపు స్వారీలో మనకి 1982 ఢిల్లీ తర్వాత మళ్ళీ స్వర్ణం రావడం అదే. స్టాఫ్ రూమ్‌లో ఫోన్‌లో వార్త చదివి అంకెలు కలిపి చూశాను: 71.088, 69.941, 68.176. మొత్తం 209.205. మంచి ముగ్గురి శాతాలు కలిపి టీమ్ స్కోరు ఇస్తారన్నమాట. ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా, ఎంత పెద్దవాళ్ళయినా వందకి ఇంతని మార్కులు వేసే ఆట ఇది అని అప్పుడు నాకు గట్టిగా తట్టింది. మార్కులంటే నాకు తెలుసు. ఒక్కో ప్రశ్నకి ఎందుకు అర మార్కు తగ్గించానో పిల్లలకి వివరించి చెప్పడమే నా పని.

డ్రెసాజ్ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను, లేకపోతే జీను గొడవ అర్థం కాదు. కింది స్థాయిలో బరి 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. చుట్టూ ఇంగ్లీషు అక్షరాల బోర్డులుంటాయి, కానీ వరసగా ఉండవు: ఎ, కె, ఇ, హెచ్, సి, ఎమ్, బి, ఎఫ్. గంట కొట్టాక 45 సెకన్లలో ఎ దగ్గర లోపలికి రావాలి. నడి మధ్యలో ఎక్స్, దానికి బోర్డు ఉండదు, మనమే ఊహించుకోవాలి. అక్కడ ఆగి జడ్జికి తల వంచి నమస్కారం. తర్వాత కాగితంలో ఉన్న వరస ప్రకారం వలయాలు, మూల నుంచి మూలకి దాటడాలు, ట్రాట్, కాంటర్ (ట్రాట్ కంటే వేగమైన దౌడు), నడక. ఒక్కో కదలికకీ సున్నా నుంచి 10 దాకా మార్కులు, అరలు కూడా వేస్తారు. 10 అంటే అద్భుతం, 6 అంటే తృప్తికరం, 4 అంటే చాలదు. పక్కన ఒక ముక్క వ్యాఖ్య. చూసేవాళ్ళకి పెద్దగా ఏమీ జరిగినట్టుండదు. గుర్రం మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఆ ఐదారు నిమిషాల్లో ఊపిరి కూడా లెక్కే.

నేను ఎక్కే గుర్రం పేరు గౌరి. వయసు 14, ముదురు గోధుమరంగు ఆడగుర్రం. ఒకప్పుడు హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో పరిగెత్తింది. రేసు గుర్రాలకి ఉండేట్టే మూపు ఎత్తుగా, దాని వెనక రెండు పక్కలా కండ పల్చగా ఉంటుంది. లాయంలో ఉన్న మామూలు జీను దాని మూపు మీద వాలిపోయేది. ఆ జీను రెక్కలు, అంటే రెండు పక్కలా వేలాడే తోలు భాగాలు, ముందుకు వంగి ఉంటాయి, మోకాలు మడుచుకుని కూర్చోవాలి. దూకడానికి అది సుఖం. డ్రెసాజ్‌లో చెవి, భుజం, నడుము, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. కాలు కిందికి జారాలి. ఆ జీను మీద నా కాలు ఎప్పుడూ ముందుకే పోయేది, కుర్చీలో కూర్చున్నట్టు. కోచ్ గారు రెండేళ్ళు అదే మాట చెప్పారు, నేను రెండేళ్ళు ప్రయత్నించాను. చివరికి ఆయనే, "ఇక ఇది మీ తప్పు కాదండీ, జీను మార్చండి," అన్నారు.

కొత్త జీను కొనేటప్పుడు చాలామంది తమ కొలత ఇచ్చి ఊరుకుంటారు. సీటు ఎన్ని అంగుళాలు, తొడ పొడవెంత. అది సగమే. జీను ఉండేది గుర్రం వీపు మీద. వీపు కొలతలు పంపకపోతే కొనకండి. లెక్కల టీచరుగా నా దగ్గర వంగే స్కేలు ఒకటి ఉంది, గ్రాఫుల్లో వంపు గీతలు గీయడానికి వాడేది, సీసం ఉన్న రబ్బరు పట్టీ లాంటిది. దాన్ని గౌరి మూపు మీద వేసి నొక్కితే ఆ ఆకారంలోనే నిలబడిపోతుంది. తీసి చార్టు మీద పెట్టి పెన్సిలుతో గీశాను. ఒకటి భుజం ఎముక వెనక, ఇంకొకటి నాలుగు అంగుళాలు వెనక్కి, మూడోది జీను చివర వచ్చే చోట. మొత్తం మూడు గీతలు. వీపు పొడుగునా ఇంకొకటి. ఎడమ కుడి గుర్తులు రాసి, చార్టు చుట్టి రిజిస్టర్ పోస్టులో పంపాను. వాళ్ళు ఫోన్ చేసి, "ఇంత పద్ధతిగా ఎవరూ పంపలేదు మేడమ్," అన్నారు. లోపలి చట్రం, ట్రీ అంటారు దాన్ని, ఆ గీతలకి తగ్గట్టు ఇరుకైనది ఎంచారు. అందులో వాళ్ళకి పూర్తి మార్కులు వేస్తాను. మూపుకీ జీనుకీ మధ్య మూడు వేళ్ళు నిలువుగా దూరే సందు మొదటి రోజు ఉంది, నేను బిగించి ఎక్కి కూర్చున్నాక కూడా రెండున్నర వేళ్ళు ఉంది.

ఐదు వారాలు పట్టింది రావడానికి. పార్సిల్ హాల్లో విప్పాం. మా అత్తయ్య గారు తోలు నిమిరి చూసి, "బాగా మెత్తగా ఉందే, ఏ చెప్పులకీ ఇంత మంచి తోలు వెయ్యరు," అన్నారు. ఆ రాత్రికి దివాన్ మీద గుండ్రటి దిండు ఒకటి నిలబెట్టి దాని మీద పెట్టాను. కింద పెడితే రెక్కలు మడతపడతాయి. ఆ దిండు ఇప్పటికీ జీనుదే.

తోలు గురించి. సీటు మీద తోలు బాగుంది, రెండు నెలల్లో నా ఆకారం తీసుకుంది. కుట్లు అంగుళానికి ఎనిమిది తొమ్మిది ఉన్నాయి, వంకర లేదు. ఇప్పటికి ఒక్క కుట్టు కూడా ఊడలేదు. మోకాలి ముందు ఉండే దిమ్మలు కొంచెం పెద్దవి, పొడుగు తొడలున్నవాళ్ళకి అడ్డొస్తాయి. నాకు పర్వాలేదు. పొట్ట పట్టీ మాత్రం 28 అంగుళాలది పంపారు, డ్రెసాజ్ జీనుకి కిందికి వేలాడే పట్టీలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి పొట్ట కింది పట్టీ పొట్టిగా ఉండాలి, గౌరికి 24 సరిపోతుంది. అడిగితే మార్చి పంపారు, డబ్బు అడగలేదు.

అసలు ఇబ్బంది మన ఊరి గాలితో. విశాఖలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, స్కూటీ సైలెన్సర్ ఏడాదిలో ఎలా అయిపోతుందో. జీనుకి ముందు ఉన్న రెండు ఇనుప రింగులకి నాలుగు నెలల్లో ఎర్రగా తుప్పు మొదలైంది. నికెల్ పూత వేసి ఇచ్చారు. స్టెయిన్‌లెస్ స్టీల్ కావాలని ముందే రాసి అడగాలి, నేను అడగలేదు. మన సముద్రం పక్కన ఉండేవాళ్ళెవరైనా ఆ ఒక్క మాట ఆర్డరులో రాయించుకోండి. రికాబులు వేలాడే కమ్మీలు మాత్రం మంచి ఉక్కు, వాటికేమీ కాలేదు.

ఆగస్టులో బూజు. మూడు రోజులు ముసురు పట్టి లాయానికి వెళ్ళలేదు. నాలుగో రోజు గుడ్డ తీసి చూస్తే రెక్క అడుగున, కుట్టు వెంబడి, తెల్లటి చుక్కలు, మధ్యలో కొంచెం ఆకుపచ్చ. వేలితో రాస్తే పొడిలా లేచింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గ్లిసరిన్ సబ్బు, బాగా పిండిన తడి గుడ్డ, తర్వాత నీడలో ఫ్యాను కింద ఆరబెట్టడం. ఎండలో పెట్టకూడదు, తోలు పగులుతుంది. మా లాయంలో గుర్రాలు చూసే సైస్ తాత, ఆయన ఆనందపురం వైపు మనిషి, ఆముదం రాయమన్నాడు. కాన్పూరు వాళ్ళు నూనె ఎక్కువైతే దారం నానిపోతుందన్నారు. నేను ఇద్దరి మాటా విన్నాను: ఏడాదికి రెండుసార్లు, లోపలి వైపు మాత్రం, గుడ్డకి అంటీ అంటనట్టు నూనె. ప్లాస్టిక్ కవరు తీసేసి పాత నేత చీర ముక్క కప్పుతున్నాను. ఈ వానల్లో బూజు రాలేదు.

దసరాకి ఆయుధ పూజలో తాత కళ్ళేలకి, జీనులన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాడు. నా జీను ముందు ఎత్తు మీద కూడా. పసుపు నల్ల తోలు మీద నిలవలేదు, కుంకుమ మాత్రం తడి తగిలి కుట్టులోకి దిగింది. ఇప్పటికీ గోరంత ఎర్రటి మచ్చ ఉంది. దాన్ని తుడవాలని నాకు అనిపించలేదు.

ఇక పోటీ. డిసెంబరులో, మేం నేర్చుకునే చోటే. పద్నాలుగు మంది వచ్చారు, ఎక్కువమంది ఇంటర్, ఇంజనీరింగ్ పిల్లలు. నలభై దాటినదాన్ని నేనొక్కదాన్నే. తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్ళి గౌరి జూలు చిన్న చిన్న జడలుగా అల్లాను, తాత లాంతరు పట్టుకున్నాడు. తెల్ల బ్రీచెస్ ఎంవీపీ కాలనీలో మా టైలరు కుట్టిన ప్యాంటే, మోకాలి లోపలి వైపు అదనంగా గుడ్డ వేయించుకున్నాను. నల్ల కోటు, తెల్ల గ్లవ్స్, హెల్మెట్. ఈ స్థాయిలో టెస్టు పక్కనుంచి ఎవరైనా చదివిపెట్టవచ్చు, మా కోచ్ గారు ఇ దగ్గర నిలబడి చదివారు. అయినా నేను బట్టీ పట్టాను. వారం రోజులు వంటింట్లో గట్టు చుట్టూ నడిచి, ఫ్రిజ్ దగ్గర సి, సింకు దగ్గర బి అనుకుంటూ.

గంట కొట్టాక మధ్య గీత మీదికి తిరిగినప్పుడు నాకు కనబడింది గౌరి రెండు చెవులే. ఒకటి ముందుకి, ఒకటి నా వైపుకి. ఎక్స్ దగ్గర ఆగింది, వెనక కాలు ఒకటి కొంచెం వెనకే ఉండిపోయింది. పగ్గాలు ఎడమ చేతిలోకి తీసుకుని కుడి చెయ్యి కిందికి వదిలి తల వంచాను. ఎడమ వైపు వలయం బాగా వచ్చింది. ఆ ఇరవై మీటర్ల వలయంలో గౌరి మెడ మెత్తబడి, నోట్లో ఇనుము నమలడం నా వేళ్ళకి తెలిసింది. కుడి వైపు వలయంలో మాత్రం లోపలికి పడిపోతూ వచ్చింది. నేను లోపలి కాలు నొక్కేకొద్దీ ఇంకా లోపలికే. కుడి కాంటర్‌కి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. టెన్షన్ వల్ల అనుకున్నాను.

సాయంత్రం మార్కుల కాగితం చేతికి వచ్చింది. 220కి 121.5. పన్నెండో స్థానం. స్థానం నాకు పట్టలేదు, కాగితం పట్టింది. మన స్కూళ్ళలో ఇలాంటి కాగితం ఒక్కటీ ఇవ్వం. ప్రతి అడుగుకీ ఒక అంకె, ఒక మాట. ఇంటికొచ్చి, అన్నం తిని, ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. టెస్టులో ఎడమ వైపు చేసినవే కుడి వైపు కూడా చేయిస్తారు. వాటిని జతలుగా రాసుకున్నాను. ట్రాట్ వలయం ఎడమ 6.5, కుడి 5. కాంటర్ మొదలు ఎడమ 6, కుడి 5. కాంటర్ వలయం ఎడమ 6, కుడి 4.5. మూడు జతల్లో ఎడమ మొత్తం 18.5, కుడి 14.5. నాలుగు మార్కుల తేడా. కుడి వైపు రాసిన వ్యాఖ్యలు మూడూ ఒకటే అర్థం: గుర్రం లోపలికి పడుతోంది, రైడరు కుడికి వాలింది.

ఒక పిల్లాడు ఒకే రకం లెక్క మూడుసార్లు తప్పు చేస్తే అది కంగారు కాదు, ఎక్కడో పద్ధతిలో ఉంది తప్పు. మర్నాడు పొద్దున్నే లాయానికి వెళ్ళి గౌరికి జీను వేసి, వెనకాల స్టూలు వేసుకుని ఎక్కి చూశాను. జీను వెనక భాగం నడి కుట్టు వెన్నెముక మీద ఉండాలి. వేలెడు కుడికి ఉంది. మా నాన్న పాత తెల్ల పంచె ఒకటి చింపి జీను కింద వేసి, ఇరవై నిమిషాలు రెండు వైపులా సమానంగా నడిపి, దిగి గుడ్డ పరిచాం. ఎడమ పక్క సన్నగా, నల్లగా, గీత గీసినట్టు మట్టి చారిక. కుడి పక్క వెడల్పుగా, పల్చగా, అక్కడక్కడ అసలు అంటనేలేదు. తాత ప్యానెళ్ళు రెండూ బొటనవేళ్ళతో నొక్కి చూశాడు. "ఎడమొంక గట్టిగుంది టీచరమ్మా, ఇటు మెత్తగుంది. అది మాత్రం ఏటి సేస్తాది, పాపం," అన్నాడు. గౌరి వీపు మీద ఎడమ పక్క చెయ్యి పెడితే చర్మం చిట్లించింది. ఎనిమిది నెలలుగా నేను దాన్ని బద్ధకం అని తిట్టిన రోజులున్నాయి. ఆ పూట దానికి బెల్లం పెట్టాను, దాని మెడ మీద తల ఆన్చుకుని చాలాసేపు నిలబడ్డాను.

కాన్పూరుకి ఫోన్ చేశాను. మొదట ఒప్పుకోలేదు. గుర్రమే వంకరగా ఉంటుంది, రైడరు ఒక పక్కకి కూర్చుంటే ఉన్ని అణిగిపోతుంది, జీనులో లోపం లేదు అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఉన్ని నింపిన జీను మొదటి నెలల్లో సర్దుకుంటుంది, ఎప్పటికప్పుడు విప్పి చూసుకోవాలి. ఆ సంగతి అమ్మేటప్పుడు చెప్పాల్సింది వాళ్ళు. చెప్పలేదు, కాగితం మీద కూడా లేదు. గుడ్డ ఫోటో, మార్కుల పట్టిక, వెనక నుంచి తీసిన ఫోటో పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వేరే గొంతు ఫోన్ చేసింది, పెద్దాయన, పని చేసే చోటు నుంచి. "బేటీ, ఎడమ ప్యానెల్ మా కుర్రాడు ఎక్కువ నింపాడు," అని ఒప్పుకున్నారు. వెనక్కి పంపితే చేసిస్తామన్నారు. రాను పోను ఇరవై రోజులు, ఖర్చు నాది. అంతకంటే ఇక్కడే చేయించుకోవడం నయమని, కిలో ఉన్ని, వంకర సూది, కొక్కెం ఉన్న ఇనుప చువ్వ పంపమని అడిగాను. పంపారు, డబ్బు తీసుకోలేదు.

దాన్ని చేయించడానికి విశాఖలో జీను పనివాళ్ళు నాకు దొరకలేదు. సోఫాలు కుట్టేవాళ్ళని అడిగితే స్పాంజి పెడతామన్నారు. చివరికి మా కొలీగ్ చెబితే కంచరపాలెంలో మృదంగాలకి, డోళ్ళకి తోలు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. జీను ఎప్పుడూ చూడలేదన్నాడు. ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండు ప్యానెళ్ళ మీద రెండు అరచేతులూ పెట్టి మెల్లగా కిందికి జరిపాడు. "ఇక్కడ ముడుంది," అన్నాడు. పంచె మీద నల్ల గీత పడింది సరిగ్గా అక్కడే. కాన్పూరు పెద్దాయన వీడియో కాల్‌లో హిందీలో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. ప్యానెల్ అడుగున ఉన్న చీలిక విప్పి, చువ్వతో ఉన్ని ముద్దలు బయటికి లాగి, వేళ్ళతో దూదిలా విడదీసి, కొంచెం కొంచెంగా తిరిగి కూరాడు. ప్రతి పిడికెడుకీ మళ్ళీ రెండు చేతులూ పెట్టి చూసుకున్నాడు. మూడు గంటలు. పన్నెండు వందలు తీసుకున్నాడు, అది చాలా తక్కువ. నేను ఇంకో ఐదు వందలు ఇస్తే మూడు వందలు వెనక్కి ఇచ్చాడు.

ఆ జనవరంతా కాంటర్ మానేసి, నడక, పొడుగు పగ్గం మీద ట్రాట్ మాత్రమే చేయించాను, వీపు నొప్పి తగ్గాలి కదా. మళ్ళీ తెల్ల పంచె పరీక్ష చేశాం. రెండు పక్కలా ఒకే వెడల్పు చారిక. వారానికోసారి చేస్తూనే ఉన్నాను, తారీకులు వేసి ఆ ముక్కలు దాచాను.

రెండో పోటీ ఫిబ్రవరి చివర్లో, అదే బరిలో. జడ్జి వేరే. కుడి వలయంలోకి తిరుగుతూ అలవాటు కొద్దీ లోపలి కాలు గట్టిగా నొక్కబోయి ఆగాను, అవసరం లేకపోయింది. గౌరి తనే బయటి పగ్గం మీదికి వచ్చి గుండ్రంగా తిరిగింది. నా కింద వీపు లేచి ఊగడం మొదటిసారి కుడి వైపు కూడా తెలిసింది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కాంటర్ ఒక్క అడుగుకే అందుకుంది. పొడుగు పగ్గం నడకలో మెడ కిందికి చాచి బుస్సుమని ముక్కు చీదింది, బరి బయట ఉన్న తాతకి వినబడిందట.

ఈసారి 220కి 134. ఎడమ కుడి జతలు మళ్ళీ వేసుకున్నాను: ట్రాట్ వలయం 6.5, 6.5. కాంటర్ మొదలు 6, 6. కాంటర్ వలయం 6.5, 6. తేడా అర మార్కు. మిగతా పెరుగుదలంతా జీను వల్ల అనను, రెండు నెలలు ఎక్కువ సాధన చేశాం, నాకూ భయం తగ్గింది. కానీ ఎడమ కుడి తేడాలో తగ్గిన ఆ మూడున్నర మార్కులు మాత్రం పిడికెడు ఉన్నివే అని గట్టిగా చెబుతాను.

ఇప్పుడు కొనొచ్చా అంటే, కొనొచ్చు. విదేశీ జీను కొత్తది లక్షల్లో ఉంటుంది, మన స్థాయిలో దానికి అర్థం లేదు. ఫోమ్ ప్యానెల్ జీనులు కొంచెం చవగ్గా వస్తున్నాయి, వాటి జోలికి వెళ్ళకండి, పొరపాటు ఉంటే సరిచేసుకునే దారి ఉండదు. ఉన్నిదే తీసుకోండి. ఒకే గుర్రం మీద సాధన చేసేవాళ్ళయితేనే తీసుకోండి. రోజుకో గుర్రం ఎక్కేవాళ్ళకి ఇది పనికిరాదు. గౌరికి కుట్టించిన జీను పక్క గదిలోని పెద్ద గుర్రానికి వేసి చూశాం, చట్రం దాని వీపుని గిచ్చినట్టు పట్టేసింది, వెంటనే తీసేశాను. వచ్చిన రోజే స్టూలెక్కి వెనక నుంచి చూడండి. గుడ్డ పరీక్ష మొదటి నెలలోనే చేయండి, నాలా ఎనిమిది నెలలు ఆగకండి. గుర్రం నోరున్నది కాదు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తోలుకి, కుట్టుకి, చట్రం సరిగ్గా ఎంచినందుకు. తగ్గించిన ఒకటి తుప్పు రింగులకి కాదు, ఉన్ని సంగతి ముందే చెప్పనందుకు.

మిగిలిన ఉన్ని లాయంలో పాత బోర్నవీటా డబ్బాలో ఉంది, తేమ తగలకుండా వేపాకు వేసి మూత బిగించాను. పోయిన వారం పంచె ముక్క మీద కుడి చారిక కాస్త పల్చబడింది. ఈ ఆదివారం కంచరపాలెం వెళ్ళాలి.